వంగిన రేఖ

పాఠ్యభాగ పరిచయం

కంటికి కనిపించిన రూపాన్ని ఉన్నదున్నట్లుగా దించడం ఒక విద్య. మనస్సుకు తగిలిన బాధను, భయాన్ని, ఆనందాన్ని రేఖలోకి తేవడం మరొక విద్య. ఈ రెండవ మార్గానికి ఆధునిక చిత్రకళలో ‘అభివ్యక్తివాదం’ అని పేరు. ఆంగ్లంలో దీనిని ఎక్స్‌ప్రెషనిజం అంటారు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో జర్మనీలో రూపుదిద్దుకొన్న ఈ కళామార్గాన్ని పశ్చిమ ప్రకాశం ప్రాంతపు జీవితానికి అన్వయించి వివరించడం ఈ పాఠం ఉద్దేశం. బొగ్గు, మార్కరు, పాత కాగితం వంటి సామాన్యమైన సామగ్రితో విద్యార్థులు తమకు తాముగా చిత్రం గీయడానికి అవసరమైన సూచనలు కూడ ఇందులో ఉన్నాయి.

పాఠ్యభాగం

మార్కాపురం పేరు చెప్పగానే తెలుగువారికి మొదట గుర్తుకు వచ్చేది పలక. కోట్ల సంవత్సరాలకు పూర్వం అడుగున పేరుకొన్న బంకమన్ను, పైనుండి పడిన ఒత్తిడికి, వేడికి గట్టిపడి పొరలు పొరలుగా చీలే రాయిగా మారింది. నల్లమల కొండల వెంబడి వ్యాపించిన ఈ శిలలలో ఒక శ్రేణిని భూగర్భ శాస్త్రజ్ఞులు కంభం పేరుతోనే పిలుస్తారు. ఆ రాతిని గనిలో నుండి తీసి, ఉలితో పొరలుగా చీల్చి, కొలతకు కోసి, నునుపు చేసి, చుట్టూ కొయ్యచట్రం బిగిస్తే పిల్లవాని చేతికి పలక వచ్చింది. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు రాకముందు ఎన్నో తరాల పిల్లలు ఇటువంటి పలకలమీదనే ఓనమాలు దిద్దారు.

అయితే, పలక చేతికి ఇవ్వగానే పిల్లవాడు మొదట వ్రాసేది అక్షరం కాదు. బలపంతో ఒక గుండ్రని తల గీస్తాడు. దానికి రెండు పెద్ద కళ్లు పెడతాడు. తల నుండే కాళ్లు దింపుతాడు. తనను ఎత్తుకొనే అమ్మ చేతులు మాత్రం చెట్టుకొమ్మలంత పొడుగ్గా గీస్తాడు. దానిని చూచిన పెద్దలు “చేతులు అంత పొడుగ్గా ఉంటాయా?” అని నవ్వి, తుడిచి, అక్షరం దిద్దమంటారు. చేతులు అంత పొడుగ్గా ఉండవు, నిజమే. కాని ఎత్తుకొమ్మని ఏడ్చే బిడ్డకు పైనుండి దిగివచ్చే అమ్మ చేతులు అంత పెద్దవిగానే కనబడతాయి. ఆ బిడ్డ గీసినది కొలతల సత్యం కాదు, అనుభవసత్యం. తుడిచివేసిన ఆ బొమ్మనుండే మన పాఠం ప్రారంభమవుతున్నది.

భాషలో మనం ఈ సత్యాన్ని ఎన్నడో అంగీకరించాం. దుఃఖం కలిగితే ‘గుండె చెరువైంది’ అంటాం. ఎదురుచూచి అలసిపోతే ‘కళ్లు కాయలు కాచాయి’ అంటాం. జాలి కలిగితే ‘కడుపు తరుక్కుపోయింది’ అంటాం. గుప్పెడంత గుండె చెరువు ఎట్లా అవుతుందని ఎవరూ ప్రశ్నించరు. అలంకార శాస్త్రంలో అతిశయోక్తికి గౌరవనీయమైన స్థానం ఇచ్చినవారం మనం. మాటకు ఇచ్చిన ఆ స్వేచ్ఛను గీతకు కూడ ఇవ్వడమే అభివ్యక్తివాదం. కంభం చెరువు గట్టుమీద కూర్చొన్న ఒక రైతు గుండె నిజంగానే చెరువంత వెడల్పుగా చిత్రంలో పరచుకొంటే, ఆ చిత్రకారుడు అబద్ధం ఆడినట్లు కాదు. మన నుడికారాన్ని అక్షరాలా పాటించినట్లు.

ఒక ఉదాహరణ చూద్దాం. వేసవిలో ఒక ఊరి మొగలో ప్లాస్టిక్ బిందెలు వరుసగా పెట్టి స్త్రీలు నీటి ట్యాంకరు కోసం నిలబడి ఉన్నారనుకోండి. కెమెరా ఆ దృశ్యాన్ని పట్టుకొంటే బిందె బిందెగానే, మనిషి మనిషిగానే కనిపిస్తారు. కాని మూడు గంటలు ఎండలో నిలబడిన ఆమెకు ఖాళీ బిందె ఎంత కనిపిస్తుంది? తనకంటె పెద్దదిగా కనిపిస్తుంది. దాని నోరు బావిలాగా కనిపిస్తుంది. ట్యాంకరు వచ్చే బాట కొసకు పోయినకొద్దీ దారంలాగా సన్నబడుతుంది. చిత్రకారుడు బిందెను మనిషికంటె పెద్దదిగా గీసి, బాటను దారంగా గీస్తే, ఆ మూడు గంటలు కాగితంమీదికి వచ్చినట్లే. కెమెరా ఆ క్షణాన్ని చూపింది. చిత్రం ఆ నిరీక్షణను చూపింది.

ఈ మార్గానికి చరిత్ర ఉంది. నార్వే దేశపు చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ 1893లో గీసిన ‘అరుపు’ అనే చిత్రం దీనికి తొలి మెట్టుగా భావిస్తారు. అందులో రెండు చేతులతో చెవులు మూసుకొన్న మనిషి ముఖం పుర్రెలాగా సాగిపోయి ఉంటుంది. అతని భయం ముఖంలోనే ఆగక, వెనుకనున్న ఆకాశాన్ని, నీటిని కూడ మెలిపెడుతుంది. ఆ చిత్రాన్ని మంక్ ఖరీదైన గుడ్డమీద వేయలేదు. మామూలు అట్టమీద టెంపెరా, తైలవర్ణం, రంగుసుద్ద కలిపి వేశాడు. నేడు మనం మిశ్రమ మాధ్యమం అని పిలిచే పద్ధతికి అదొక మంచి ఉదాహరణ.

1905లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో వాస్తుశిల్ప విద్యార్థులు నలుగురు ఒక బృందంగా ఏర్పడ్డారు. వారు కిర్ష్‌నర్, హెకెల్, ష్మిట్ రోట్లుఫ్, బ్లైల్. తమ బృందానికి ‘వంతెన’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నారు. వారందరూ ఇంచుమించు మీకంటె నాలుగైదేండ్లు పెద్దవారు మాత్రమే. కళాశాలల్లో ఒకే భంగిమను గంటల తరబడి గీయించే పద్ధతిని వారు కాదన్నారు. పావుగంటకు ఒకసారి భంగిమ మారే విధంగా నమూనా మనిషిని కదలమని చెప్పి, ఆ పావుగంటలోనే చిత్రం ముగించేవారు. సవరించడానికి వ్యవధి లేనందువల్ల చేతికి, మనస్సుకు మధ్య అడ్డం తొలగిపోయేది. 1911లో మ్యూనిక్ నగరంలో కాండిన్‌స్కీ, ఫ్రాంజ్ మార్క్ మరొక బృందాన్ని ప్రారంభించారు. దాదాపు ఆ కాలంలోనే ‘ఎక్స్‌ప్రెషనిజం’ అన్న మాట జర్మనీలో ప్రచారంలోకి వచ్చింది.

ఆ కాలపు కళాకారులలో మన విద్యార్థులు తప్పక తెలుసుకోవలసిన వ్యక్తి కేటే కోల్విట్జ్. ఈమె 1867లో జన్మించింది. పై బృందాలలో ఈమె సభ్యురాలు కాదు. అయినా మనిషి వేదనను నల్లరేఖలో పలికించడంలో ఆమెకు సాటి వచ్చేవారు అరుదు. ఆమె భర్త బెర్లిన్ నగరంలో కార్మికులు నివసించే పేటలో వైద్యుడు. వైద్యం కోసం వచ్చిన తల్లులను, బిడ్డలను, పనిలేక కుంగిన పురుషులను ఆమె ప్రతిదినం చూచేది. చూచినది బొగ్గుతో గీసేది, రాతిమీద గీసి, లోహపు రేకుమీద చెక్కి అచ్చువేసేది. నేతపనివారి తిరుగుబాటును గూర్చి ఆమె వేసిన చిత్రమాలికకు 1898లో న్యాయనిర్ణేతలు బంగారు పతకం ఇవ్వాలని సిఫారసు చేస్తే, జర్మన్ చక్రవర్తి నిరాకరించాడు. 1914 అక్టోబరులో, మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైన కొద్ది వారాలకే, ఆమె చిన్నకుమారుడు పీటర్ యుద్ధభూమిలో మరణించాడు. కుమారుని స్మారకంగా ఆమె చేయదలచిన శిల్పం పూర్తి కావడానికి 1932 దాకా పట్టింది. ఆ శిల్పంలో కుమారుడు లేడు. మోకరిల్లిన తల్లిదండ్రులు మాత్రమే ఉన్నారు. తల్లి ముందుకు వంగి ఉంది. తండ్రి చేతులు కట్టుకొని తనను తాను బిగపట్టుకొన్నాడు. మరణాన్ని చూపకుండానే మరణం మిగిల్చిన బరువును చూపడం అంటే ఇదే.

ఇంతటి కళకు కష్టకాలం వచ్చింది. 1933లో హిట్లర్ అధికారానికి రాగానే కోల్విట్జ్ ప్రష్యన్ కళా అకాడమీ నుండి వైదొలగవలసి వచ్చింది. 1937 జూలైలో మ్యూనిక్‌లో నాజీ ప్రభుత్వం ‘పతనమైన కళ’ అనే పేరుతో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసింది. దేశంలోని మ్యూజియముల నుండి స్వాధీనం చేసుకొన్న అభివ్యక్తివాదుల చిత్రాలను వంకరగా వ్రేలాడదీసి, గోడలమీద ఎగతాళి మాటలు వ్రాసి, ప్రజలను పిలిచి చూపించింది. వంగిన వెన్నులు, సాగిన ముఖాలు, గుంటలు పడిన కళ్లు – ఇవన్నీ చిత్రకారుల మనోవికారమే తప్ప, మనుషులు ఇట్లా ఉండరని ఆ ప్రదర్శన వాదన. ‘వంతెన’ బృందానికి నాయకుడైన కిర్ష్‌నర్ ఆ మరుసటి సంవత్సరమే స్విట్జర్లాండులో ఆత్మహత్య చేసుకొన్నాడు.

విచిత్రమేమంటే, అదే 1937లో మన ప్రాంతానికి సంబంధించిన మరొక సంఘటన జరిగింది. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా మెట్టగ్రామాలలో నీటిలోని ఫ్లోరిన్ వల్ల మనుషుల ఎముకలు గిడసబారి, కీళ్లు బిగుసుకొని, వెన్ను వంగిపోతున్నదని వైద్యులు గుర్తించి వైద్యపత్రికలో ప్రకటించారు. భారతదేశంలో ఈ వ్యాధిని గుర్తించడం అదే మొదటిసారి. ఆ జిల్లాకు చెందిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు, కర్నూలు జిల్లాలోని మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు.

ఈ రెండు సంఘటనలను ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. ఒకచోట ‘మనిషి వెన్ను ఇట్లా వంగదు’ అని చిత్రాన్ని నవ్వులపాలు చేశారు. మరొకచోట, అదే సంవత్సరంలో, నిజంగానే వంగిన వెన్నులను వైద్యులు లెక్కించారు. వంగిన రేఖ అబద్ధమని ఎవరైనా అన్నప్పుడు, దానిని నమ్మేముందు ఒకసారి చుట్టూ చూడడం మన బాధ్యత. కొందరి జీవితంలో అతిశయోక్తి అనేది అలంకారం కాదు, అది వాస్తవం.

మన దేశానికి అభివ్యక్తివాదం చాలా ముందుగానే పరిచయమయింది. 1922 డిసెంబరులో కలకత్తా నగరంలో కాండిన్‌స్కీ, పాల్ క్లే మొదలైనవారి చిత్రాలు ప్రదర్శితమయ్యాయి. అయితే మన చిత్రకారుల రేఖను అసలు మార్చినది ప్రదర్శన కాదు, ఆకలి. 1943లో వచ్చిన బెంగాలు కరవులో లక్షలాది ప్రజలు మరణించారు. జైనుల్ ఆబెదిన్ అనే యువ చిత్రకారుడు కలకత్తా వీధులలో పడి ఉన్న మనుషులను చవకైన మూటకాగితంమీద గీశాడు. సిరా కూడ బొగ్గు నుండి తానే తయారు చేసుకొన్నాడు. కొద్దిపాటి మందపు గీతలు, వాటి మధ్య వదిలివేసిన ఖాళీ కాగితం – అంతే ఆ చిత్రాలు. ఆ ఖాళీయే ఆకలి. మరొక చిత్రకారుడు చిత్తప్రసాద్ మిదునపూర్ జిల్లాలో కాలినడకన తిరిగి, చూచినవారిని గీసి, వారి కథలతో సహా ‘ఆకలిగొన్న బెంగాల్’ అనే చిన్న పుస్తకం వెలువరించాడు. బ్రిటిష్ ప్రభుత్వం ఆ ప్రతులను స్వాధీనం చేసుకొని ధ్వంసం చేసింది. ఒక పలుచని బొమ్మల పుస్తకానికి ఒక సామ్రాజ్యం భయపడిందంటే, గీతకు ఎంత శక్తి ఉన్నదో ఊహించవచ్చు.

తెలుగు చిత్రకారులలో కూడ రేఖను నమ్ముకొన్నవారు ఉన్నారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన లక్ష్మాగౌడ్ తన పల్లె మనుషులను, మేకలను, చెట్లను ఒక్కటిగా పెనవేసే సన్నని రేఖతో ప్రసిద్ధుడయ్యాడు. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో జన్మించిన తోట వైకుంఠం నేడు రంగురంగుల తెలంగాణ స్త్రీల చిత్రాలకు పేరుపొందినా, ఆయన బొగ్గుతో గీసిన చిత్రాలు కూడ ప్రశంసలు పొందాయి. వీరిని అభివ్యక్తివాదులని పిలవనవసరం లేదు. తమ ఊరి మనిషి ముఖం తమకు చాలునని వీరు నిరూపించారు. మనం గ్రహించవలసినది అదే.

ఇక సామగ్రి విషయం. బొగ్గు మనకు పరాయి వస్తువు కాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డమీద మొదటి రూపరేఖను కాల్చిన చింతపుల్లతోనే గీస్తారు. దానిని మనమూ తయారు చేసుకోవచ్చు. చిటికెన వ్రేలికంటె సన్నని ఎండిన చింతపుల్లలను బెత్తెడు ముక్కలుగా కోసి, బెరడు తీసి, ఒక రేకు డబ్బాలో నిలువుగా కూర్చి, మూత బిగించి, మూతకు చిన్న రంధ్రం చేయాలి. డబ్బాను పొయ్యి నిప్పులలో ఉంచితే రంధ్రం గుండా మొదట ఆవిరి, తరువాత పొగ వస్తుంది. పొగ ఆగిన తరువాత డబ్బాను తీసి, పూర్తిగా చల్లారేదాకా మూత తెరవకూడదు. వేడిగా ఉండగా తెరిస్తే గాలి తగిలి పుల్లలు అంటుకొని బూడిద అవుతాయి. గాలి లేకుండా కాలినది బొగ్గు, గాలితో కాలినది బూడిద. పొయ్యి దగ్గర పెద్దవారు ఒకరు ఉండడం మంచిది.

బొగ్గు గుణం మెత్తన. మొనతో గీస్తే సన్నని గీత, పక్కకు వాల్చి రాస్తే మబ్బు. వ్రేలితో రుద్దితే నీడ, గుడ్డతో దులిపితే మాసిన జ్ఞాపకం. ఎంత తుడిచినా కాగితంమీద లేత ఛాయ మిగులుతుంది. తప్పుగా పడిన చేతిని తుడిచి మరొకచోట గీస్తే, పాత చేయి నీడలాగా వెనుక నిలుస్తుంది. దానిని దాచవద్దు, ఆ నీడ కదలికను, తడబాటును చూపుతుంది. గీసిన బొగ్గు రాలిపోకుండా నిలపడానికి దుకాణాలలో ఫిక్సేటివ్ అనే ద్రవం దొరుకుతుంది. అది లేనప్పుడు వెన్న తీసిన పాలను నీటితో కలిపి దూరం నుండి పలుచగా చిలకరించవచ్చు. డచ్చి చిత్రకారుడు వాన్‌గో తన చిత్రాలకు పాలనే వాడాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బొగ్గుపొడిని నోటితో ఊదకూడదు. కాగితాన్ని ఆరుబయటకు తెచ్చి, వెనుకనుండి తట్టి రాల్చాలి. సన్నని పొడి ఊపిరితో లోపలికి పోవడం మంచిది కాదు. పలకల పనిలో లేచే రాతిపొడి అంతకంటె ప్రమాదకరం. అందులోని సిలికా ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే వ్యాధి వస్తుంది. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. అక్షరం నేర్పిన పలక వెనుక ఎవరి ఊపిరి ఉన్నదో ఈ సందర్భంలో విద్యార్థులు ఆలోచించాలి.

మార్కరు స్వభావం బొగ్గుకు పూర్తిగా వ్యతిరేకం. 1953లో అమెరికాలో మ్యాజిక్ మార్కరు, 1960ల ఆరంభంలో జపానులో సన్నమొన గల ఫైబరు పెన్ను వెలువడిన తరువాత ఇది ప్రపంచమంతటా వ్యాపించింది. బొగ్గు క్షమిస్తుంది, మార్కరు క్షమించదు. ఒకసారి పడిన గీత పడినట్లే. అందువల్ల ఏది సందేహమో దానిని బొగ్గుతోను, ఏది నిశ్చయమో దానిని మార్కరుతోను గీయడం మంచి పద్ధతి. మార్కరు సిరా పలుచని కాగితం గుండా వెనుకకు దిగుతుంది కనుక క్రింద మరొక కాగితం పెట్టుకోవాలి. చాలా మార్కర్ల రంగు ఎండ తగిలితే వెలిసిపోతుంది. కనుక పూర్తయిన చిత్రాన్ని ఎండపడే గోడకు తగిలించకూడదు. విడి బొగ్గుమీద మార్కరు నడిపితే మొన పూడుకుపోతుందని కూడ గుర్తుంచుకోవాలి.

మూడవది మిశ్రమ మాధ్యమం. పాత దినపత్రిక ముక్క, సిమెంటు సంచి కాగితం, చిరిగిన బస్సు టిక్కెట్టు, టీ డికాక్షన్ మరక, నీటిలో కలిపిన ఎర్రమట్టి, మైదాజిగురు – వీటిలో దేనినైనా చిత్రంలో చేర్చవచ్చు. 1912లో పికాసో, బ్రాక్ కాగితపు ముక్కలను చిత్రానికి అంటించి ఈ మార్గం తెరిచారు. అయితే అంటించిన ప్రతి వస్తువుకు కారణం ఉండాలి. వలసపోయిన కుటుంబాన్ని గీస్తూ బస్సు టిక్కెట్టు అంటిస్తే దానికి అర్థం ఉంది. అందంగా ఉన్నదని మెరుపు కాగితం అంటిస్తే లేదు.

ఇప్పుడు ఒక చిత్రాన్ని క్రమంగా నిర్మిద్దాం. విషయం: తలుపు తాళం వేసిన ఇల్లు. వానలు లేని సంవత్సరాలలో పశ్చిమ ప్రకాశం పల్లెల నుండి అనేక కుటుంబాలు పనులు వెదుక్కొంటూ హైదరాబాదు, గుంటూరు వంటి చోట్లకు వలసపోవడం ఈ ప్రాంతం ఎరిగినదే. అటువంటి ఇంటిముందు, పిల్లలను పెంచుతూ ఆగిపోయిన అవ్వ అరుగుమీద కూర్చొని ఉన్నది.

మొదట పది నిమిషాలు ఏమీ గీయకుండా ఆలోచించాలి. ఈ దృశ్యంలో మిమ్మల్ని ఎక్కువగా బాధించినది ఏది? తాళమా, అవ్వ చేతులా, ఖాళీ వాకిలా? ఒక్కదానినే ఎన్నుకోవాలి. తాళం అని నిశ్చయించుకొంటే, తాళం పెద్దదవుతుంది, తలుపంత పెద్దదవుతుంది. రెండవ దశలో కాగితంమీద ఎర్రమట్టి నీటితో పలుచగా పూత వేసి ఆరనివ్వాలి. తెల్లని కాగితం కంటె ఆ నేల రంగు అవ్వకు తగిన చోటు. మూడవ దశలో టిక్కెట్టును గాని, పత్రిక ముక్కను గాని తలుపు ఉండే చోట అంటించి ఆరనివ్వాలి. నాలుగవ దశలో తాళాన్ని మార్కరుతో, చేయి ఆపకుండా, మందంగా గీయాలి. అది నిశ్చయం కనుక. అయిదవ దశలో గడియారం ముందు పెట్టుకొని పావుగంటలో అవ్వను బొగ్గుతో గీయాలి. ముఖంతో మొదలు పెట్టవద్దు. వెన్ను వంపుతో మొదలు పెట్టాలి. ఆ వంపు నుండి మెడ, తల, మోకాళ్లమీది చేతులు వాటంతట అవే దిగివస్తాయి. చివరకు రెండడుగులు వెనుకకు జరిగి చూడాలి. ఎక్కడ బాగా కుదిరిందని మురిసిపోతున్నారో అక్కడ ఒకసారి అనుమానించాలి. ఆ నేర్పు అవ్వకోసమా, మీ కోసమా?

ఈ ప్రశ్నే ఈ విద్యలో అతి కష్టమైనది. చూడకుండా వంచిన రేఖ వికారం మాత్రమే అవుతుంది. ఎముక నిటారుగా ఎట్లా నిలుస్తుందో ఎరిగినవాడికే వంగిన ఎముక బాధ తెలుస్తుంది. కోల్విట్జ్ మనిషి శరీర నిర్మాణాన్ని ఏండ్ల తరబడి అభ్యసించిన తరువాతనే దానిని కుదించింది, వంచింది. అందుచేత రోజూ ఒక చేతిని, ఒక పాదాన్ని, ఒక కూర్చొన్న మనిషిని ఉన్నదున్నట్లుగా గీసే అభ్యాసం మానరాదు.

మరొక విషయం. ఇతరుల బాధ మన చిత్రానికి ముడిసరకు కాదు. ఫ్లోరిన్ నీటివల్ల నడుము వంగిన మనిషిని ఎదుట కూర్చోబెట్టి గీసేటప్పుడు, ముందుగా ఆయన అనుమతి అడగాలి. గీసిన తరువాత ఆయనకే మొదట చూపాలి. “నేను ఇట్లానే ఉన్నానా?” అని ఆయన అడిగితే సమాధానం చెప్పగల ధైర్యం మనకు ఉండాలి. చెప్పలేకపోతే ఆ చిత్రం ప్రదర్శనకు పోవలసినది కాదు. కరవు చిత్రాలు గీసినవారు బాధితుల మధ్య తిరిగారు, వారి మాటలు విన్నారు. వారి రేఖకు గౌరవం అక్కడినుండి వచ్చింది.

చిత్రం గీసినంతమాత్రాన నీరు రాదు, వలస ఆగదు, ఊపిరితిత్తులలోని పొడి తొలగదు. ఈ మాట ఒప్పుకోవాలి. కాని జరిగినదానిని జరగలేదని చెప్పేవారి ఎదుట చిత్రం సాక్షిగా నిలుస్తుంది. మ్యూనిక్‌లో నవ్వులపాలైన చిత్రాలలో మిగిలినవాటిని నేడు ప్రపంచం మ్యూజియములలో పెట్టి చూస్తున్నది. నవ్వినవారి వాదన మిగలలేదు.

పలకమీది గీత తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఓనమాలు దిద్దేనాడు అదే దాని సుగుణం. ఇప్పుడు మీ చేతిలో కాగితం, బొగ్గు ఉన్నాయి. చిన్నప్పుడు మీరు పలకమీద గీసిన అమ్మ పొడుగాటి చేతులను మళ్లీ ఒకసారి గీసి చూడండి. ఈసారి ఎవరూ వాటిని తుడిచివేయకుండా చూడవలసినది మీరే.

కఠిన పదాలకు అర్థాలు

అభివ్యక్తి = లోపలి భావాన్ని బయటకు తెలియజేయడం
అతిశయోక్తి = ఉన్నదానికంటె ఎక్కువ చేసి చెప్పడం; ఒక అర్థాలంకారం
నుడికారం = భాషకు సహజమైన పలుకుబడి
నిరీక్షణ = ఎదురుచూపు
భంగిమ = శరీరాన్ని నిలిపిన తీరు
చిత్రమాలిక = ఒకే విషయంపై వరుసగా వేసిన చిత్రాల సముదాయం
మాధ్యమం = కళాకారుడు ఉపయోగించే సాధనం, పదార్థం
గిడసబారు = ఎదుగుదల చెడి, బిగుసుకొనిపోవు
మెట్ట = కాలువనీరు అందని ఎత్తు నేల
ఛాయ = నీడ, లేత రంగు

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు 20 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.

1. ‘మాటకు ఇచ్చిన స్వేచ్ఛను గీతకు కూడ ఇవ్వడమే అభివ్యక్తివాదం’ – పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. 1937లో జరిగిన రెండు సంఘటనలను రచయిత ఎందుకు కలిపి చెప్పారో విశదీకరించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు వ్రాయండి.

1. కేటే కోల్విట్జ్ జీవితం ఆమె చిత్రకళను ఎట్లా ప్రభావితం చేసింది?
2. బొగ్గుకు, మార్కరుకు గల భేదాలను వివరించండి.
3. ఇతరుల బాధను చిత్రించేవారు పాటించవలసిన నియమాలు ఏవి?

III. క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.

1. ఆ ఖాళీయే ఆకలి.
2. బొగ్గు క్షమిస్తుంది, మార్కరు క్షమించదు.
3. ఆ నేర్పు అవ్వకోసమా, మీ కోసమా?

IV. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.

1. ‘అరుపు’ చిత్రాన్ని వేసినది ఎవరు?
2. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు మొదటి రూపరేఖను దేనితో గీస్తారు?
3. ‘ఆకలిగొన్న బెంగాల్’ పుస్తకాన్ని వెలువరించిన చిత్రకారుడు ఎవరు?
4. రాతిపొడివల్ల వచ్చే వ్యాధి ఏది?

V. భాషాంశాలు

సంధులు: విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి. రెండడుగులు = రెండు + అడుగులు – ఉత్వసంధి. మనోవికారం = మనః + వికారం – విసర్గసంధి.

సమాసాలు: తల్లిదండ్రులు = తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం. నల్లరేఖ = నల్లనైన రేఖ – విశేషణ పూర్వపద కర్మధారయం. రాతిపొడి = రాతి యొక్క పొడి – షష్ఠీ తత్పురుషం. నాలుగైదేండ్లు, పావుగంట అన్న పదాల నిర్మాణాన్ని అధ్యాపకుని సహాయంతో చర్చించండి.

VI. కృత్యం

మీ ఊరిలో ఎదురుచూస్తున్న ఒక మనిషిని – బస్సుకోసమో, నీటికోసమో, ఉత్తరంకోసమో – ఆమె లేక ఆయన అనుమతితో పావుగంటలో బొగ్గుతో గీయండి. ఏ భాగాన్ని పెద్దదిగా గీశారు, ఎందుకు గీశారు అన్నది చిత్రం వెనుక అయిదు వాక్యాలలో వ్రాయండి.